ఫిజిక్స్ శాండ్‌బాక్స్‌లో నీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్టెలు పేర్చి పడగొట్టడం, బంతులు దొర్లించడం, గేర్లు బిగించడం శాండ్‌బాక్స్‌లో, అంటే ఫిజిక్స్ నియమాలతో తెర మీద ఆడుకునే సాఫ్ట్‌వేర్‌లో, ఎవరికైనా తొందరగానే చేతికొస్తుంది. నీళ్లు పోసిన మరుక్షణం కంప్యూటర్ ఫ్యాన్ హోరెత్తుతుంది, కణాలు పేలిపోతాయి, లేదంటే నీళ్లు జెల్లీలా వణుకుతూ కూర్చుంటాయి. ఆల్గోడూ లాంటి రెడీమేడ్ శాండ్‌బాక్స్ వాడేవాళ్లూ, సొంతంగా ఒకటి రాసుకుంటున్నవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్నలివి. ఒక్క మాట ముందే చెప్తాను. చిందే నీళ్లు ఎలా ఉన్నా కన్ను ఒప్పేసుకుంటుంది. సిమ్యులేషన్‌లో పస ఉందో లేదో బయటపడేది నీళ్లు నిలిచాకే. కింది జవాబులు చాలావరకు ఆ లెక్కనే రాశాను.

పెట్టె పడటమూ ఫిజిక్సే, నీళ్లు పారడమూ ఫిజిక్సే. నీళ్లకే ఎందుకింత తంటా?

టూడీలో ఒక పెట్టె ఎక్కడుందో, ఎంత వాలిందో, ఎటు ఎంత వేగంగా పోతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి ఆరు సంఖ్యలు చాలు. నీటికి ఆకారమే లేదు. దాన్ని వేల ముక్కలుగా ఊహించుకోవాలి, ప్రతి ముక్కా పక్క ముక్కలను పట్టించుకుంటూ కదలాలి.

సమీకరణాలు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. 1822లో నేవియర్ మొదలుపెట్టిన పనిని 1845లో స్టోక్స్ ఇప్పుడు మనం చదువుకునే రూపానికి తెచ్చాడు. అసలు చిక్కంతా నీరు కుదించుకుపోకపోవడంలో ఉంది. 10 మీటర్ల లోతున కూడా నీటి ఘనపరిమాణం తగ్గేది 0.005 శాతం లోపే. అంటే తొట్టిలో ఈ చివర తోస్తే ఆ చివరి నీటికి దాదాపు అప్పటికప్పుడే తెలిసిపోవాలి. నీరు పల్లమెరుగు అంటారు గానీ, కంప్యూటర్లోని నీటికి పల్లం సంగతి మనమే చెప్పాలి. అలా చెప్పేదే పీడనం లెక్క. ప్రాసెసర్ సమయంలో పెద్ద వాటా తినేదీ అదే.

నీటిని సిమ్యులేట్ చేయడానికి ఎన్ని దారులున్నాయి?

స్థూలంగా రెండు. నీటిని కణాలుగా చూసి ప్రతి కణం వెంట పరిగెత్తడం ఒకటి. చోటును గళ్లుగా కోసి, ఒక్కో గడిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని గట్టున కూర్చుని లెక్కపెట్టడం రెండోది. మొదటిదాంట్లో పేరున్నది ఎస్‌పీహెచ్, అంటే స్మూత్‌డ్ పార్టికల్ హైడ్రోడైనమిక్స్. రెండోదాంట్లో మెయిలురాయి 1965లో హార్లో, వెల్చ్ ప్రకటించిన మార్కర్ అండ్ సెల్ పద్ధతి. ఈ రెంటినీ కలిపిన సంకర జాతి కూడా ఉంది, దాని గురించి కింద చెప్తాను.

నీటి లోపల ఏం జరుగుతుందో అక్కర్లేదు, పైన అలలు కనిపిస్తే చాలనుకుంటే మూడో దారి ఉంది. ప్రతి చోటా నీటి ఎత్తు ఎంతో ఒక్క సంఖ్య దాచుకుంటే సరిపోతుంది. పడవ గేముల్లో చెరువులు, వరద మైదానాలు ఇలా చేస్తే చాలా చౌకగా అయిపోతాయి. కాకపోతే అల విరిగి పడదు, బిందెలోంచి ధార పోయడం కుదరదు. ఒక చోట ఒకే ఎత్తు ఉంటుంది కదా మరి.

శాండ్‌బాక్స్‌లో వాడేవాడు ఎక్కడ ఏం పోస్తాడో, దేన్ని ఎప్పుడు పగలగొడతాడో ముందుగా తెలియదు. అందుకే ఇక్కడ కణాల పద్ధతికే నా ఓటు.

ఎస్‌పీహెచ్ లోపల అసలు ఏం జరుగుతుంది?

ఈ పద్ధతి పుట్టింది నీళ్ల కోసం కాదు, నక్షత్రాల కోసం. 1977లో లూసీ ఒక పక్క, గింగోల్డ్, మోనగన్ ఇంకో పక్క ఖగోళ భౌతికశాస్త్రంలో దీన్ని ప్రవేశపెట్టారు. అప్పటికప్పుడు స్క్రీన్ మీద ఆడుకునే నీటికి పనికొచ్చేలా దీన్ని మలిచినది 2003లో మ్యూలర్, చారిపార్, గ్రాస్ రాసిన పేపర్.

ఒక్క కణాన్ని పట్టుకుని చూద్దాం. టూడీలో కణాల మధ్య దూరం 1 సెంటీమీటరు, ఒక్కో కణం చూపు ఆనే దూరం 2 సెంటీమీటర్లు అనుకోండి. ఆ వృత్తంలో సుమారు 12 కణాలు పడతాయి. త్రీడీ అయితే 33 దాకా ఉంటాయి. మన కణం ముందుగా ఆ పొరుగువాళ్లను లెక్కపెడుతుంది. దగ్గరున్నవాళ్లకు ఎక్కువ మార్కులు, అంచున ఉన్నవాళ్లకు దాదాపు సున్నా. ఈ మార్కులు వేసే ఫార్ములానే కెర్నల్ అంటారు. మార్కులన్నీ కూడితే ఆ చోట సాంద్రత వస్తుంది. అది ఉండాల్సినదానికంటే ఎక్కువైతే ‘ఇక్కడ ఇరుగ్గా ఉంది’ అని అర్థం, ఆ తేడాను ఒక స్థిరాంకంతో గుణిస్తే పీడనం. పీడనం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ తర్వాత పక్కవాళ్ల వేగంతో తన వేగాన్ని కొంచెం కలుపుకుంటుంది, అది చిక్కదనం. చివర గురుత్వం కలిపి ఒక అడుగు ముందుకు కదులుతుంది. మళ్లీ మొదలు.

కెర్నల్ ఎంపికలో ఒక చిన్న మెలిక ఉంది. సాంద్రతకు వాడే మెత్తటి గంట ఆకారపు కెర్నల్‌నే పీడనానికీ వాడితే, రెండు కణాలు బాగా దగ్గరికొచ్చినప్పుడు నెట్టే బలం పెరగాల్సింది పోయి సున్నాకి పడిపోతుంది. అప్పుడు కణాలు జతలు జతలుగా అతుక్కుపోతాయి. అందుకే పీడనానికి మధ్యలో మొనదేలిన వేరే కెర్నల్ వాడతారు. మీ నీళ్లలో కణాలు గుంపులు కడుతుంటే ముందు చూడాల్సింది ఇదే.

కణాలు పదివేలు దాటగానే కంప్యూటర్ చతికిలబడుతోంది. ఏం చేయాలి?

ప్రతి కణాన్నీ మిగతా అన్ని కణాలతో పోల్చి చూస్తున్నారేమో చూడండి. 10,000 కణాలకు దాదాపు 5 కోట్ల జతలవుతాయి. కణం చూపు ఎంత దూరమో అంత వెడల్పు గళ్లుగా చోటును విడగొట్టి, ఏ కణం ఏ గడిలో ఉందో రాసుకోండి. అప్పుడు ఒక్కో కణం తన గడిని, చుట్టూ ఉన్న 8 గళ్లను చూసుకుంటే చాలు. పైన చెప్పిన కొలతలతో అయితే ఒక్కో గడిలో 4 కణాలు, మొత్తం 36 పోలికలు, అందరికీ కలిపి 3 లక్షల 60 వేలు. 5 కోట్లెక్కడ, ఇదెక్కడ!

ఇది చేశాక కూడా నెమ్మదిగా ఉంటే, కణాల డేటాను గడి క్రమంలో మెమొరీలో సర్దండి. పక్కపక్క కణాలు మెమొరీలోనూ పక్కపక్కనే ఉంటే కాషె, అంటే ప్రాసెసర్ చేతికందే చిన్న వేగవంతమైన మెమొరీ, బాగా పనిచేస్తుంది.

నీళ్లు అడుగున కుదించుకుపోయి స్ప్రింగులా ఎగిరిపడుతున్నాయి. గట్టిదనం పెంచితే పేలిపోతున్నాయి. మధ్యలో దారి లేదా?

అందరూ ఇరుక్కునే చోటు ఇదే, కాబట్టి కొంచెం తీరిగ్గా చూద్దాం.

1928లో కూరంట్, ఫ్రెడరిక్స్, లేవీ ముగ్గురూ చెప్పిన నియమం ఒకటుంది. సిమ్యులేషన్ వేసే ఒక్కో అడుగులో సమాచారం పొరుగుకణాన్ని దాటిపోకూడదు. ఆచరణలో ఒక కణం వ్యాసంలో 0.4 వంతుకు మించి ఏదీ ప్రయాణించకుండా చూసుకుంటారు. ఒక మీటరు ఎత్తు నీటి స్తంభం కూలిందనుకోండి. కిందికొచ్చేసరికి వేగం సెకనుకు 4.43 మీటర్లు. కణం 1 సెంటీమీటరుదైతే ఒక అడుగు 0.9 మిల్లీసెకన్లకు మించకూడదు. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 19 అడుగులు. ఇదింకా నయం.

అసలు గొడవేమిటంటే, నీళ్లలో కణాలకంటే వేగంగా పోయేది ఇంకొకటుంది. అదే ధ్వని, అంటే పీడనం కబురు. నిజమైన నీటిలో దాని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు. దాన్ని ఉన్నదున్నట్టు పెడితే ఫ్రేముకు 6,000 పైచిలుకు అడుగులు వేయాలి. ఎవరివల్లా కాదు. అందుకని చిన్న మోసం చేస్తారు. నీటి గరిష్ఠ వేగానికి పది రెట్లు ఉంటే చాలని, ధ్వని వేగాన్ని 44 మీటర్లకు దించేస్తారు. అప్పుడు సాంద్రత ఒక శాతం అటూ ఇటూ ఊగుతుంది, కంటికి కనిపించదు. అయినా ఫ్రేముకు 185 అడుగులు పడతాయి.

మీరు ‘గట్టిదనం’ అని తిప్పుతున్న ఆ స్లయిడర్ నిజానికి ఈ ధ్వని వేగమే. తగ్గిస్తే నీళ్లు స్పాంజి అవుతాయి, పెంచితే టైమ్‌స్టెప్, అంటే ఒక్కో అడుగు వ్యవధి, తగ్గించాల్సిందే. టైమ్‌స్టెప్ కదపకుండా గట్టిదనం ఒక్కటే పెంచితే పేలడం ఖాయం. ఆల్గోడూలో అయితే సిమ్యులేషన్ ఫ్రీక్వెన్సీ పెంచి చూడండి. సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తుంది గానీ నీళ్లు సర్దుకుంటాయి.

మరి గేముల్లో నీళ్లు హాయిగా నడుస్తున్నాయి కదా, వాళ్లేం చేస్తున్నారు?

బలాలతో నెట్టుకుంటూ పోవడం మానేసి, సాంద్రత సరిపోయేదాకా అదే అడుగులో మళ్లీ మళ్లీ సర్దుతారు. 2009లో పీసీఐఎస్‌పీహెచ్, 2015లో డీఎఫ్‌ఎస్‌పీహెచ్ అనే ఎస్‌పీహెచ్ రకాలు ఈ దారిలో వచ్చినవే. 2013లో మాక్లిన్, మ్యూలర్ తెచ్చిన పొజిషన్ బేస్డ్ ఫ్లూయిడ్స్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, నేరుగా కణాల స్థానాలనే జరిపేస్తుంది. పెద్ద టైమ్‌స్టెప్ ఇచ్చినా పేలదు. దానికి మూల్యం, సర్దుబాటు ఎన్నిసార్లు చేశారన్నదాన్ని బట్టి నీటి గట్టిదనం మారిపోవడం. నాలుగుసార్లు చేస్తే మెత్తగా, ఇరవైసార్లు చేస్తే గట్టిగా ఉంటుంది. ఫిజిక్స్ పుస్తకం చదివినవాళ్లకు ఇది మింగుడుపడదు, ఆట ఆడేవాళ్లు పట్టించుకోరు.

సొంతంగా టూడీలో మొదలుపెడుతున్నవాళ్లకు నేను చెప్పేది 2005లో క్లావే, బొడ్వాన్, పూలాన్ రాసిన డబుల్ డెన్సిటీ రిలాక్సేషన్. రెండు సాంద్రతలు లెక్కగడుతుంది, ఒకటి మామూలుది, రెండోది అతి దగ్గరివాళ్లకు మాత్రమే. ఆ రెండోదే గుంపులు కట్టకుండా కాపాడుతుంది, పనిలో పనిగా తలతన్యత (నీటి పైపొర బిగువు) లాంటిదాన్నీ తెచ్చిపెడుతుంది. కోడు చిన్నది, మొండిగా నిలబడుతుంది.

నీళ్లు గోడల్లోంచి కారిపోతున్నాయి.

రెండు కారణాల్లో ఏదో ఒకటి. గోడ కణం కంటే పల్చగా ఉండి ఒకే అడుగులో కణం అవతలికి దూకేస్తోంది. లేదా గోడ దగ్గర కణానికి సగం వైపే పొరుగువాళ్లు ఉండటంతో సాంద్రత తక్కువగా తేలి, పీడనం చాలక పై నీటి బరువుకి గోడలోకి నొక్కుకుపోతోంది. మొదటిదానికి గోడ మందం పెంచండి, లేదా కణం పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీత గీసి గోడను కోసిందేమో చూడండి. రెండోదానికి గోడ పొడవునా కదలని కణాలు పరిచి, సాంద్రత లెక్కలో వాటినీ కలపండి.

చిక్కదనం సున్నా పెట్టినా నీళ్లు తేనెలా కదులుతున్నాయెందుకు?

మీరు సున్నా పెట్టారు, లెక్కింపు పద్ధతి పెట్టలేదు. గ్రిడ్ మీద, అంటే గళ్ల పద్ధతిలో, వేగాన్ని ఒక గడి నుంచి ఇంకో గడికి మోసే ప్రతిసారీ నాలుగు గళ్ల సరాసరి తీస్తారు. సరాసరి తీసిన ప్రతిసారీ చిన్న చిన్న సుడులు చెరిగిపోతాయి. కంటికి అది చిక్కదనంలాగే కనిపిస్తుంది. కణాల పద్ధతిలోనూ, పేలకుండా ఉండటానికి కలిపే కృత్రిమ చిక్కదనం ఇదే పని చేస్తుంది.

దీనికి పేరున్న విరుగుడు ఫ్లిప్, కణాలనూ గళ్లనూ కలిపిన సంకర జాతి అని పైన చెప్పింది ఇదే. 1950ల్లో లాస్ అలమోస్‌లో హార్లో బృందం తయారుచేసిన పిక్ పద్ధతిలో కణాలు తమ వేగాన్ని గ్రిడ్‌కు అప్పజెప్పి, గ్రిడ్ సరిచేసిన వేగాన్ని తిరిగి తీసుకునేవి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే సుడులు చెరిగిపోయేవి. 1986లో బ్రాక్‌బిల్, రూపెల్ ఒక చిన్న మార్పు చేశారు. కణం తన వేగాన్ని తనే ఉంచుకుని, గ్రిడ్‌లో వచ్చిన మార్పును మాత్రమే కలుపుకుంటుంది. నీళ్లకు ప్రాణం వచ్చింది, దాంతోపాటు గరగరలాడే సద్దూ వచ్చింది. అందుకే 95 నుంచి 99 శాతం ఫ్లిప్, మిగతాది పిక్ కలిపి వాడటం అలవాటైంది. 2005లో ఝూ, బ్రిడ్సన్ దీన్ని గ్రాఫిక్స్‌కు తెచ్చారు. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో 2020లో వచ్చిన 2.82 వెర్షన్ నుంచి నీళ్ల వెనకున్న మాంటాఫ్లో ఇంజిన్ కూడా ఈ ఫ్లిప్‌నే వాడుతుంది. పిక్, ఫ్లిప్ రెంటి మధ్య రాజీలా 2015లో ఏపిక్ వచ్చింది. కొత్తగా రాసేవాళ్లు నేరుగా దానికే వెళ్లినా నష్టం లేదు.

నిజంగానే చిక్కటి ద్రవం కావాలి. స్లయిడర్ ఎంత పెట్టాలి?

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి స్నిగ్ధత, అంటే చిక్కదనం, 0.001 పాస్కల్ సెకను. గ్లిజరిన్‌ది సుమారు 1.4, అంటే 1,400 రెట్లు. లావా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ సంఖ్యలు నేరుగా ఎక్కించేముందు ఒకటి గుర్తుంచుకోండి. మామూలు పద్ధతిలో చిక్కదనం రెట్టింపైతే టైమ్‌స్టెప్ సగం కావాలి, కణం సైజు సగం చేస్తే టైమ్‌స్టెప్ నాలుగో వంతుకు పడాలి. చిక్కటి ద్రవం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి సులువనుకుంటారు, లెక్కలో అది తిరగబడుతుంది. తప్పించుకోవాలంటే చిక్కదనాన్ని ఇంప్లిసిట్‌గా, అంటే అడుగు చివరి వేగాలతో సమీకరణాలు కట్టి పరిష్కరించాలి.

డ్యామ్ కట్టి కూలిస్తే బొమ్మ తొట్టిలో నీళ్లలా కనిపిస్తోంది. పెద్దగా అనిపించట్లేదు.

స్కేలు తప్పింది. 1 మీటరు నుంచి పడటానికి 0.45 సెకన్లు పడుతుంది, 100 మీటర్ల నుంచి 4.5 సెకన్లు. పొడవు వంద రెట్లైతే కాలం పది రెట్లు. మన కన్ను సైజును పోల్చుకునేది ఈ కాలంతోనే. సీన్‌లో డ్యామ్ 100 మీటర్లని రాసుకుని, ఇంజిన్‌లో 1 మీటరు లెక్కన నడిపితే నీళ్లు పది రెట్లు హడావిడిగా కదులుతాయి. గురుత్వం తగ్గించో, సిమ్యులేషన్ వేగం తగ్గించో సరిచేయొచ్చు. మొదటి నుంచీ మీటర్లు, సెకన్లు, కిలోగ్రాముల్లోనే పనిచేయడం ఇంకా మంచిది.

చెక్క దుంగ మునిగిపోతోంది, లేదంటే నీటిపైన గజగజ వణుకుతోంది.

ఘనపు మీటరుకు 600 కిలోల చెక్క 1,000 కిలోల నీటిలో 60 శాతం మునిగి, 40 శాతం పైకి తేలాలి. ఆర్కిమెడిస్ లెక్కే. నీటి కణాలు దుంగను నెడుతూ, దుంగ కూడా నీటి కణాలను అంతే బలంతో నెడితే ఈ తేలడం దానంతటదే వస్తుంది, విడిగా తేల్చే బలం కలపక్కర్లేదు. కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టే, దుంగ గాల్లోకి లేస్తుంది.

మునిగితే మొదట సాంద్రతల యూనిట్లు చూడండి. చాలా ఇంజిన్లలో కణం బరువు దాని సైజుకు ముడిపడి ఉండదు, మీరే ఇవ్వాలి. వణికితే దుంగ మరీ చిన్నదో, మరీ తేలికదో అయ్యుంటుంది. నా లెక్కలో అడ్డంగా ఐదారు కణాలైనా పట్టని వస్తువు సరిగ్గా తేలుతుందని ఆశించకూడదు. దానికి నీరు నీరులా కాదు, రాళ్లవానలా తగులుతుంది. బోలు పడవలు ఇంకా మొండివి. పడవ గోడ పల్చన, లోపలంతా ఖాళీ, మొత్తం బరువు తక్కువ. గోడ మందం పెంచి, సాంద్రత తగ్గించి అదే బరువు వచ్చేలా చూడండి.

తలతన్యత పెట్టాలా?

చుక్కలు, సబ్బు బుడగలు చేస్తుంటే పెట్టాలి. నీటికి తలతన్యత గురుత్వంతో పోటీపడేది సుమారు 2.7 మిల్లీమీటర్ల లోపే. మీ కణమే సెంటీమీటరు ఉంటే భౌతికంగా దాని ప్రభావం లేనట్టే. అయినా కొంచెం పెడితే ధార కణాలు కణాలుగా చెదిరిపోకుండా అందంగా ఉంటుంది. అది అలంకారమని తెలిసి వాడితే తప్పేమీ లేదు.

పిక్సెల్ గేముల్లో నీళ్లు, మైన్‌క్రాఫ్ట్ నీళ్లు కూడా ఫ్లూయిడ్ సిమ్యులేషనేనా?

ద్రవ గతిశాస్త్రం కాదు, నియమాలతో ఆడే ఆట. పౌడర్ టాయ్ లాంటి పిక్సెల్ శాండ్‌బాక్స్‌లలో, 2020లో పూర్తిగా విడుదలైన నోయిటా గేములో, ప్రతి పిక్సెల్ తన కింద ఖాళీ ఉంటే దిగుతుంది, లేకపోతే మూలగా జారుతుంది, అదీ లేకపోతే పక్కకు పాకుతుంది. వేలకు వేల పిక్సెళ్లు ఇలా చవగ్గా నడుస్తాయి. ఈ నియమాల్లో పైకెక్కడం అన్నది లేదు. అందుకే యూ ఆకారపు గొట్టంలో ఒక పక్క పోసిన నీళ్లు రెండో పక్క అదే మట్టానికి రావు. పౌడర్ టాయ్‌లో నీటి మట్టాలు సమం చేయడానికి విడిగా ఒక సెట్టింగ్ పెట్టాల్సి వచ్చింది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే గేము గడికి 1 నుంచి 7 దాకా లోతు ఇచ్చి, పీడనాన్ని తన పద్ధతిలో నకలు చేస్తుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో నీరు సమతలం మీద మూలం నుంచి 7 బ్లాకుల దూరం పాకి ఆగిపోతుంది, ఘనపరిమాణం నిలవాలన్న పట్టింపే లేదు. రెండు మూలాల మధ్య మూడోది ఊరికే పుట్టుకొస్తుంది. ఇంజినీరు తలపట్టుకోవాల్సిన విషయం, ఆటగాడికి వరం. నియమం స్పష్టంగా ఉంటే ఆటగాడు దాంతో యంత్రాలు కడతాడు. నిజమైన నీటి కంటే ఊహకందే నీరే చాలా గేములకు మేలని నా అభిప్రాయం.

పొగ, ఆవిరి, గాలి?

గ్రిడ్ వాడండి. గాలి ఎక్కడ చూసినా నిండి ఉంటుంది, దానికి కణాలు పెట్టుకుంటూ పోతే ఎన్నైనా చాలవు. 1999లో జాస్ స్టామ్ చూపించిన స్టేబుల్ ఫ్లూయిడ్స్ పద్ధతి ఎంత పెద్ద టైమ్‌స్టెప్ ఇచ్చినా పేలదు. సుడులు చెరిగిపోతున్నాయనిపిస్తే, 2001లో ఫెడ్కివ్, స్టామ్, జెన్సెన్ పొగకు వాడిన వోర్టిసిటీ కన్‌ఫైన్‌మెంట్ (సుడులకు బలమిచ్చే కిటుకు)తో వాటిని మళ్లీ రేపొచ్చు. పౌడర్ టాయ్ గాలి పీడనాన్ని 4×4 పిక్సెళ్లకో గడి చొప్పున ముతకగానే లెక్కేస్తుంది. ఎవరికీ తేడా తెలియదు.

కణాలు గోలీల్లా కనిపిస్తున్నాయి.

ఇది ఫిజిక్స్ తప్పు కాదు, గీయడంలో తేడా. టూడీలో ప్రతి కణాన్నీ మసక చుక్కగా గీసి, అన్నీ కూడాక ఒక హద్దు పైనున్న చోటంతా నీటి రంగు వేయండి. 1982లో బ్లిన్ మొదలుపెట్టిన మెటాబాల్స్ ఆలోచన ఇదే. త్రీడీలో ఉపరితలాన్ని త్రికోణాలుగా మార్చడానికి 1987 నాటి మార్చింగ్ క్యూబ్స్ ఉంది. వేగం ముఖ్యమైతే స్క్రీన్ మీద కనిపించే లోతును మాత్రమే నునుపు చేసి గీసే పద్ధతి వాడండి.

నా నీళ్లు నిజానికి ఎంత దగ్గరగా ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి?

అందరూ డ్యామ్ కూల్చి చూస్తారు. అదే అన్నిటికంటే తేలిక పరీక్ష, ఏ చెత్త సిమ్యులేషనైనా అందులో అందంగానే ఉంటుంది. నేను ముందు తొట్టి నింపి, ఏమీ కదపకుండా వదిలేస్తాను. కాసేపటికి నీళ్లు నిలవాలి. ఉడుకుతున్నట్టు కణాలు కదులుతూనే ఉంటే పీడనం లెక్కలో తేడా ఉంది. నీటి మట్టం పోసినప్పటికంటే తగ్గిందా చూడాలి, తగ్గితే కుదించుకుపోతోంది. అడుగున పీడనం లోతుతో పాటు సమానంగా పెరుగుతోందో లేదో గీసి చూడాలి. ఆ తర్వాత యూ గొట్టం, ఆ తర్వాత 60 శాతం మునగాల్సిన దుంగ.

వీటిలో నాకు బాగా ఇష్టమైనది రంధ్రం పరీక్ష. తొట్టి పక్క గోడకు నేల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున రంధ్రం పెట్టండి. రంధ్రం మీద 1 మీటరు నీరుండాలి. టోరిచెల్లి సూత్రం ప్రకారం ధార సెకనుకు 4.43 మీటర్ల వేగంతో బయటికొచ్చి, గోడకు సరిగ్గా 1 మీటరు దూరంలో నేలను తాకాలి. నాలుగైదు శాతం తగ్గినా సరే, నిజం నీరూ అంతే చేస్తుంది. 60 సెంటీమీటర్ల దగ్గరే పడుతోందంటే మీ నీళ్లలో ఎక్కడో శక్తి కారిపోతోంది. రంధ్రం కనీసం ఆరేడు కణాల వెడల్పు ఉండాలి సుమా, లేకపోతే కణాలు మూతిలో ఇరుక్కుంటాయి, పరీక్ష పనికిరాదు.

ఇంకా ఓపికుంటే 10 సెంటీమీటర్ల లోతున్న పొడవాటి పళ్లెంలో ఒక పొడవు అల పంపండి. సెకనుకు దాదాపు 1 మీటరు నడవాలి.

మంచి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) కొంటే ఇవన్నీ తీరిపోతాయా?

కొన్ని తీరతాయి. త్రీడీలో కణం సైజు సగం చేయాలంటే కణాలు 8 రెట్లు, టైమ్‌స్టెప్ కూడా సగం, మొత్తం పని 16 రెట్లు. పది రెట్లు వేగమైన కార్డు కొన్నా సగం సైజు కణం దాకా పోలేమన్నమాట. డబ్బు ఖర్చు పెట్టేముందు, కెమెరాకు దూరంగా ఉన్న నీటిని కేవలం ఎత్తుల పటంగా మార్చడం, నిలిచిపోయిన కణాలను నిద్రపుచ్చడం చేసి చూడండి.

ఒకే సీన్ రెండుసార్లు నడిపితే రెండు రకాలుగా వస్తోంది. బగ్గా?

చాలాసార్లు కాదు. కంప్యూటర్ దశాంశాల్లో కూడే వరుస మారితే జవాబు మారుతుంది. 0.1, 0.2 కూడి దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కూడి 0.1 కలిపితే 0.6 వస్తుంది. వేల థ్రెడ్లు, అంటే సమాంతరంగా సాగే లెక్కలు, ఒకేసారి పనిచేసే జీపీయూలో పొరుగు కణాల బలాలు ఏ వరుసలో కూడతాయో ప్రతిసారీ మారుతుంది. నీళ్లలో ఆ ఆఖరి అంకె తేడా కొన్ని సెకన్లలోనే చుక్కలు వేరే దారి పట్టేంత పెద్దదవుతుంది. టైమ్‌స్టెప్‌ను ఫ్రేము వేగానికి ముడిపెట్టి ఉంటే మాత్రం అది మీ తప్పే, ముందు దాన్ని స్థిరం చేయండి.

రీప్లే కావాలంటే మళ్లీ సిమ్యులేట్ చేయకుండా కణాల స్థానాలు రికార్డు చేసుకోండి. పజిల్ గేము చేస్తుంటే గెలిచే షరతును ‘ఈ గిన్నెలోకి 90 శాతం నీళ్లు చేరాలి’ అని పెట్టండి. ఫలానా చుక్క ఫలానా చోట పడాలని పెడితే, అదే లెవెల్ ఒకరి ఫోన్లో గెలుస్తుంది, ఇంకొకరి ఫోన్లో ఎప్పటికీ గెలవదు.